వాయించేవారి చెవి, వినేవారి చెవి

మంచి స్పీకర్ల కోసం ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి, గది పొడవు వెడల్పులు కొలిచి, గోడలకు ధ్వనిని పీల్చే పలకలు బిగించి, చివరికి కేబుళ్లను కూడా నేలకు తగలకుండా చిన్న దిమ్మెల మీద నిలబెట్టిన శ్రోత ఒకరు తాను ఎంతో గౌరవించే వయొలిన్ విద్వాంసుడి ఇంటికి వెళ్లారనుకుందాం. అక్కడ కనిపించేది ఒక పాత ప్లేయరు, పుస్తకాల వెనక సగం దాక్కున్న ఒక స్పీకరు, కిటికీ గట్టు మీద దాని జోడీ. కొన్ని ఇళ్లలో అవి కూడా ఉండవు, ఫోనే సర్వస్వం. అదే గదిలో వయొలిన్ మాత్రం పట్టుగుడ్డ కప్పుకుని, తేమను కొలిచే చిన్న మీటరు అమర్చిన పెట్టెలో పసిబిడ్డలా నిద్రపోతూ ఉంటుంది. ఇద్దరూ సంగీతమంటే చెవి కోసుకునేవారే. అయినా ఒకరికి ప్రాణప్రదమైన సామగ్రి రెండోవారికి బల్లా కుర్చీల కన్నా ఎక్కువ కాదు.

హై ఎండ్ ఆడియో, అంటే ఇంట్లో పాట వినడానికి వాడే అత్యంత ఖరీదైన పరికరాల అభిమానుల్లో ఈ వింత చాలాకాలంగా చర్చకు వస్తూనే ఉంది. సంగీతకారులందరూ ఇలాగే ఉంటారని కాదు. కానీ ఇలాంటివారు తరచుగా తారసపడతారు, కాకతాళీయం అనుకోలేనంత తరచుగా. దీనికి తయారుగా దొరికే సమాధానాలు రెండున్నాయి. సంగీతకారుల దగ్గర డబ్బు ఉండదన్నది ఒకటి, వాళ్ల చెవులు ఎప్పుడో దెబ్బతిన్నాయన్నది రెండోది. రెంటిలోనూ కొంత నిజం ఉంది. రెండూ కలిపినా అసలు సంగతి మాత్రం అందదు.

డబ్బు విషయం త్వరగా తేల్చేయవచ్చు. సంగీతమే వృత్తిగా బతికేవారిలో ఎక్కువమంది రాబడి నిలకడ లేనిది. వచ్చినదాంట్లో మొదటి వాటా వాద్యానిది. తీగలు, కమాను వెంట్రుకలు, రీడ్లు, పియానోకు శ్రుతి చేయించడం, మరమ్మతులు ఇవన్నీ అయ్యాక మిగిలిన సొమ్ముతో ఆంప్లిఫైయర్ కొనాలన్న ఆలోచన రాకపోవడం సహజం. కానీ బాగా సంపాదించినవారిలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. ఇల్లంతా విలాసంగా ఉంటుంది, పాట వినే పెట్టె మాత్రం ఎవరో ఎప్పుడో కానుకగా ఇచ్చినదై ఉంటుంది. జేబు బరువు ఒక్కటే కారణమైతే ఇలా జరగదు.

చెవుల సంగతి అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. వయొలిన్ వాయించేవారి ఎడమ చెవి వాద్యాన్ని దాదాపు ఆనుకునే ఉంటుంది, కుడి చెవి కన్నా దాని మీద పడే ధ్వని ఎక్కువ. ఆర్కెస్ట్రాలో ట్రంపెట్లు, ట్రాంబోన్ల ముందు వరుసలో కూర్చునేవారి పరిస్థితి ఇంకా కష్టం. పనిచేసే చోట వినికిడిని కాపాడటానికి ఐరోపా సమాఖ్య 2003లో తెచ్చిన ఆదేశం, రోజంతటి సగటు శబ్దం 80 డెసిబెళ్లకు చేరితే ఒక స్థాయి జాగ్రత్తలు, 85కు చేరితే మరింత గట్టి చర్యలు తీసుకోవాలని యజమానులకు చెబుతుంది. సంగీత, వినోద రంగాలు దీనికి సర్దుకోవడానికి 2008 దాకా ప్రత్యేక గడువు ఇవ్వాల్సి వచ్చింది. లండన్‌లోని రాయల్ ఒపేరా హౌస్‌లో 2012లో వాగ్నర్ ఒపేరా రిహార్సల్ జరుగుతుండగా, వెనక కూర్చున్న ఇత్తడి వాద్యాల మోతకు వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా వాయించే ఒక కళాకారుడి వినికిడి శాశ్వతంగా దెబ్బతింది. ఆ రిహార్సల్లో శబ్దం 130 డెసిబెళ్లు దాటిన క్షణాలున్నాయి. 2018లో హైకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు కూడా బాధ్యత సంస్థదేనని నిలబెట్టింది.

వినికిడి తగ్గితే స్పీకర్ల మీద ఇచ్చే తీర్పు కూడా చెదురుతుంది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో స్పీకర్ల మీద పనిచేసిన ఫ్లాయిడ్ టూల్ 1985లో ప్రచురించిన ఫలితాల్లో ఇది కనిపించింది. వినికిడి లోపం ఉన్నవారు ఒకే స్పీకరుకు ఒకసారి ఒక మార్కు, మరోసారి ఇంకో మార్కు వేశారు. అయితే దీన్ని పట్టుకుని సంగీతకారుల చెవి మొద్దుబారిందనడం తొందరపాటే అవుతుంది. పెద్ద శబ్దాల వల్ల మొదట దెబ్బతినేది సాధారణంగా 3,000 హెర్ట్జ్, అంటే సెకనుకు 3,000 కంపనలు, పైనున్న ప్రాంతం. పియానోలో అన్నిటికన్నా కుడివైపున్న మెట్టు మూల పౌనఃపున్యమే 4,186 హెర్ట్జ్. రాగం నడిచేది, శ్రుతి నిలిచేది చాలావరకు దానికి ఎంతో కింద. అందుకే పై ధ్వనులు సగం వినపడని పెద్దాయన కూడా శిష్యుడి స్వరం వెంట్రుకవాసి పక్కకు జరిగితే కనుబొమ్మ ఎగరేస్తాడు. పైగా ఇరవై ఏళ్లు నిండని సంగీత విద్యార్థులు, నిక్షేపంలాంటి చెవులున్నవారు, మామూలు ఇయర్‌ఫోన్లతో హాయిగా వింటూనే ఉన్నారు.

కాబట్టి చూడవలసింది ఈ చెవి దేనికోసం వెతుకుతోందన్నది. దీనికి టెలిఫోను కన్నా మంచి ఉదాహరణ దొరకదు. పాతకాలపు టెలిఫోను లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. మగవారి మాట మూల పౌనఃపున్యం చాలామందిలో 100, 150 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. అంటే గొంతుకు బరువునిచ్చే మూలస్వరం అసలు తీగ దాటి రాదు. అయినా ఫోనులో తండ్రి గొంతు పిట్టకూతలా వినిపించిన సందర్భం ఎవరికీ ఉండదు. మూలస్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా పైన పేరుకునే హార్మోనిక్స్ మాత్రం దాటి వస్తాయి. వాటి మధ్య ఎడం ఎంత ఉందో చూసుకుని మెదడు ఆ రాని స్వరాన్ని తానే నిలబెట్టుకుంటుంది. పియానోలో అన్నిటికన్నా కింది స్వరం 27.5 హెర్ట్జ్. అరచేతిలో ఇమిడే స్పీకరు దాన్ని పలికించడం అసాధ్యం. కానీ అది పలికించగలిగిన 165, 192.5, 220 హెర్ట్జ్‌ల ధ్వనులు సరిగ్గా 27.5 ఎడంతో ఉంటాయి కనుక, ఆ మెట్టు ఏదో చెవికి తెలిసిపోతుంది. బరువు తగ్గి వినిపిస్తుంది తప్ప స్వరం మారదు.

చవక స్పీకరు కోసేసినదాన్ని మెదడు ఇలా చాలావరకు అతికించుకుంటుంది. ఈ అతికింపు పనిలో సంగీతకారుడు అందరికన్నా ముందుంటాడు. వయొలిన్ జాతిలోని పెద్ద వాద్యమైన చెల్లో మంద్ర తీగ ఎలా మోగుతుందో అతడికి పక్కన కూర్చున్నప్పటి అనుభవం. ఆ కృతి నడక కంఠస్థం. తర్వాత రాబోయే స్వరం ఏదో, అది ఏ వేలితో పడుతుందో కూడా తెలుసు. స్పీకరు ఇచ్చింది ఒక సూచన మాత్రమే, మిగతాది జ్ఞాపకం నింపుతుంది. ఈ లోపలి వినికిడి ఎంత దూరం పోగలదో చెప్పడానికి బీతోవెన్ ఉన్నాడు. తొమ్మిదో సింఫనీని 1824లో తొలిసారి వినిపించే నాటికి ఆయనకు దాదాపు ఏమీ వినపడేది కాదు. అది మేధావుల కథ, మామూలు సంగీతకారులకు వర్తించదనవచ్చు. కానీ స్వరలిపి చదువుతూ బస్సులో కూర్చుని లోలోపల ఆర్కెస్ట్రాను మోగించుకునే మామూలు విద్యార్థులు ప్రతి సంగీత కళాశాలలోనూ ఉంటారు.

1925లో మైక్రోఫోనుతో విద్యుత్ రికార్డింగ్ వచ్చేదాకా గాయకుడు ఒక పెద్ద బూర నోట్లోకి తలపెట్టినంత పని చేసి పాడేవాడు. ఆ గొంతు ఒత్తిడే సూదిని కదిపి మైనం మీద గీత గీసేది. కింది స్వరాలు పోయాయి, పై మెరుపు పోయింది, మధ్యలో ఒక సన్నటి ముక్క మిగిలింది. దాని మీద ఎండుటాకులు నలిపినట్టు గరగర. వయొలిన్ రికార్డులూ అలా చేసినవే. ఇంట్లో గొప్ప స్పీకర్లున్న శ్రోత అలాంటి రికార్డును రెండు నిమిషాలు విని మర్యాదగా పక్కన పెడతాడు. వయొలిన్ విద్యార్థి అదే రికార్డును నెలల తరబడి వింటాడు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు ఎలా జారింది, వరస చివర ఎంతసేపు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు, తాళం గీత దగ్గర తొందరపడ్డాడా, కావాలని వెనకబడ్డాడా ఇవన్నీ ఆ సన్నటి ముక్కలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. వృత్తిరీత్యా కావలసిన సమాచారం అంతా అక్కడే ఉంది. ఉత్తరం కోసం ఎదురుచూసేవారు సిరా నిగనిగను పట్టించుకోరు.

ఇద్దరి మాటల్లోనే ఈ తేడా బయటపడుతుంది. హై ఎండ్ అభిమాని ఒక రికార్డింగ్ గురించి చెప్పేటప్పుడు వేదిక వెడల్పు, వాద్యాల మధ్య ఖాళీ, ధ్వని చుట్టూ గాలి, వెనకనున్న నిశ్శబ్దపు నలుపు అంటాడు. ఇవన్నీ చూపుకు సంబంధించిన మాటలు. కళ్లు మూసుకుంటే గదిలో గోడ మాయమై ఒక దృశ్యం ఏర్పడాలన్నది అతడి కోరిక, అది తక్కువ కోరికేమీ కాదు. అదే రికార్డింగ్ గురించి సంగీతకారుడు ఎత్తుగడ, పట్టు, విరుపు, కాలప్రమాణం అంటాడు. అవి ఒంటికి సంబంధించిన మాటలు. పియానో వాయించేవారు తమకు బాగా తెలిసిన కృతిని ఊరికే వింటున్నప్పుడు కూడా మెదడులో చేతి కదలికల్ని నడిపే ప్రాంతాలు స్పందిస్తాయని మెదడు పరిశోధనల్లో తేలింది. ఒకరు దృశ్యం చూస్తున్నారు, ఒకరు లోపల వాయిస్తున్నారు. రెండో పనికి మేలైన తెర అక్కర్లేదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, బహుశా మొత్తం వ్యవహారంలో ఇదే పెద్దది. హై ఎండ్ ఆడియోకు ఒక ఆదర్శం ఉంది. మైకులు, ఆంప్లిఫైయర్లు లేకుండా నిజమైన సభామందిరంలో నిజమైన వాద్యాలు మోగినప్పటి ధ్వనికి ఎంత దగ్గరగా వస్తే పరికరం అంత గొప్పదన్నది ఆ ఆదర్శం. 1973లో హ్యారీ పియర్సన్ స్థాపించిన ఒక అమెరికన్ పత్రిక తన పేరునే అలా పెట్టుకుంది, ద అబ్సల్యూట్ సౌండ్ అని. ఆలోచన బాగానే ఉంది. కానీ ఏ కుర్చీలో కూర్చుని విన్న ధ్వని? శ్రోతల్లో, నడిమధ్యన, కొన్ని వరుసల వెనక. సంగీతకారుడు ఆ కుర్చీలో కూర్చునేది చాలా అరుదు. అతడి జీవితమంతా వేదిక మీద, ఒక మూలన గడుస్తుంది. రెండో వయొలిన్ల వరుసలో కూర్చునేవారికి సొంత వాద్యం చెవిలో, పక్కవారి వాద్యం మోచేతి దగ్గర, ఇత్తడి వాద్యాలు వీపు మీద. ఫ్రెంచ్ హార్న్ అనే ఇత్తడి బూర నోరు వెనక్కి తిరిగి ఉంటుంది కనుక దాన్ని వాయించేవారికి తమ ధ్వని గోడను తాకి తిరిగొస్తుంది. పాడేవారికైతే సొంత గొంతు సగం కపాలపు ఎముకల గుండా చేరుతుంది. తమ గొంతు రికార్డింగులో మొదటిసారి విన్నవారు ఉలిక్కిపడటం అందువల్లే.

బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లమ్లైన్ 1931లో స్టీరియోకు పేటెంటు దరఖాస్తు చేసిన నాటి నుంచి ఇంటి స్పీకర్లు గీస్తున్న చిత్రం ఆ మధ్య కుర్చీదే. ఎడమన వయొలిన్లు, కుడిన చెల్లోలు, లోపల వెనకగా డప్పులు. ఆ చిత్రం ఎంత స్పష్టంగా కనిపిస్తే శ్రోతకు అంత పులకింత. వేదిక మీద బతికినవాడికి అది వేరొకరి జ్ఞాపకం. మరి మధ్యలో నిలబడి ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్లకు మక్కువ ఎక్కువ ఉండాలి కదా అన్న ప్రశ్న వస్తుంది. హెర్బర్ట్ ఫాన్ కరాయన్ అలాంటివారే. 1981 ఏప్రిల్లో సాల్జ్‌బర్గ్‌లో సీడీని పత్రికలవారికి చూపినప్పుడు ఆయన స్వయంగా ముందు నిలిచారు, అప్పటికి అది మార్కెట్‌లోకి రావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. కానీ సెర్జు చెలిబిదాకె కూడా కండక్టరే. ఆయనకు రికార్డింగులంటేనే గిట్టదు. ఒక మందిరంలో ఒక సాయంత్రం జరిగినదాన్ని పళ్లెం మీదకు ఎక్కించలేమని పట్టుబట్టారు. ఆయన కచేరీల్లో చాలావాటి రికార్డింగులు 1996లో ఆయన మరణించాకే, కుటుంబం అనుమతితో, బయటికొచ్చాయి. కాబట్టి కుర్చీల సిద్ధాంతాన్ని మరీ సాగదీయకూడదు.

అసలు ధ్వనితో రోజూ సహవాసం చేసేవారికి మరో సంగతి అనుభవంలో ఉంటుంది. పక్క గదిలో ఎవరైనా పియానో వాయిస్తుంటే, తలుపు ఓరగా తెరిచి ఉన్నా, అది మనిషి వాయించేదా, యంత్రం వాయించేదా అన్నది చాలాసార్లు క్షణంలో తెలిసిపోతుంది. స్పీకరు ఒక ముఖం నుంచి ధ్వనిని ముందుకు తోస్తుంది. వయొలిన్ బుర్ర అలా కాదు, ఒక్కో పౌనఃపున్యాన్ని ఒక్కో దిక్కుకు, ఒక్కో తీరులో చిమ్ముతుంది. గది గోడలు ఆ రెంటికీ వేర్వేరుగా బదులిస్తాయి. పెట్టె ఎంత ఖరీదైనదైనా ఈ తేడా పూర్తిగా పోదు. అసలుకూ నకలుకూ మధ్య ఉన్న ఈ దూరం ముందు, మామూలు నకలుకూ మేలైన నకలుకూ మధ్య ఉన్న దూరం సంగీతకారుడి కంటికి ఆనదు. శ్రోతకు ఆ చిన్న దూరమే ప్రపంచం.

జనాన్ని మాత్రం ఎప్పుడూ నమ్మించవచ్చు. తొలినాటి పాటల యంత్రమైన ఫోనోగ్రాఫును అమ్మే ఎడిసన్ కంపెనీ 1915 నుంచి సుమారు పదేళ్లపాటు ఊరూరా సభలు పెట్టింది. వేదిక మీద గాయని పాడుతూ ఉంటుంది, మధ్యలో దీపాలు ఆర్పేస్తారు, వెలిగేసరికి గాయని ఉండదు, ఫోనోగ్రాఫు పాడుతూ ఉంటుంది. ఎప్పుడు మారిందో తెలియలేదని జనం నివ్వెరపోయారు. అలా పాడిన ఒక గాయని ఎన్నో ఏళ్ల తర్వాత చెప్పిన రహస్యం ఏమిటంటే, తాము యంత్రం గొంతుకు సరిపోయేలా పాడేవారు. మనిషిని యంత్రం అనుకరించలేనప్పుడు యంత్రాన్ని మనిషి అనుకరించడం చవకైన ఉపాయమే. ఇంతకూ ఎడిసన్‌కు వినికిడి చాలా తక్కువ. ఫోనోగ్రాఫు చెక్కను పళ్లతో కరిచి, దవడ ఎముక గుండా విని, ఏ గాయకుడు మంచివాడో తేల్చేవాడు.

రికార్డింగు తయారయ్యే చోటికి వెళ్తే ఖరీదైన స్పీకరు మీద భక్తి ఇంకాస్త సడలుతుంది. యమహా ఎన్ఎస్-10 అనే స్పీకరు 1978లో ఇళ్ల కోసం వచ్చింది. తెల్లటి కోను, గరుకు ధ్వని. ఇళ్లలో ఎవరికీ పెద్దగా నచ్చలేదు. స్టూడియో ఇంజనీర్లు మాత్రం దాన్ని పాటలోని ధ్వనుల్ని కలిపే మిక్సింగ్ బల్ల మీదకు ఎక్కించుకున్నారు. దాని మీద బాగుందనిపిస్తే ఎక్కడైనా బాగుంటుందని వాళ్ల నమ్మకం. పై ధ్వనులు మరీ గుచ్చుకుంటున్నాయని, వాటిని పలికే ట్వీటరు మీద పల్చటి టిష్యూ కాగితం అంటించి మరీ వాడారు. 2001లో తయారీ ఆగిపోయేదాకా అది స్టూడియోల్లో ఒక ఆనవాలు. స్టూడియోలో తన పాట తుది రూపాన్ని ఇలాంటి పెట్టెలో విని, తర్వాత కారులో, ఫోనులో విని సరేనని తలూపిన సంగీతకారుడికి, అదే పాటలో ఇంట్లోని ఖరీదైన స్పీకరు దాగిన సత్యాన్ని వెలికితీస్తుందంటే నవ్వొస్తుంది. ఫ్లాయిడ్ టూల్ దీన్నే గందరగోళపు వలయం అన్నారు. స్పీకర్లు బాగున్నాయా లేదా అన్నది రికార్డింగులు విని తేలుస్తారు, ఆ రికార్డింగులు బాగున్నాయా లేదా అన్నది స్పీకర్లలో విని తేల్చారు.

అలసట సంగతి కూడా ఉంది. ఆరేడు గంటలు సాధన, రిహార్సల్, పాఠాలు అయ్యాక ఇంటికి చేరిన చెవికి కావలసింది నిశ్శబ్దం. ఇంకో కారణం, శిక్షణ పొందిన చెవి ఊరికే ఉండదు. నేపథ్యంలో ఏదో మోగుతుంటే శ్రోత సేదదీరతాడు, సంగీతకారుడు తెలియకుండానే స్వరాలు లెక్కపెడుతుంటాడు. మెత్తటి కుర్చీ, రెండు స్పీకర్లు, చీకటి గది అతడికి విశ్రాంతి గదిలా కాక ఇంకో పనిచోటులా అనిపిస్తాయి.

ఇంతవరకు చెప్పింది వింటే సంగీతకారులు తెలివైనవారని, ఆడియో అభిమానులు భ్రమలో ఉన్నవారని తోచవచ్చు. వింటున్నది ఏదో ముందుగా చెప్పకుండా చేసే గుడ్డి పరీక్షలు కొంతవరకు అలా అనిపించేలాగే ఉన్నాయి. మేయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో ప్రచురించిన పరీక్షలో, అధిక నాణ్యత గల రికార్డింగును నేరుగా ఒకసారి, సీడీ ప్రమాణానికి కుదించి ఒకసారి వినిపించి ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276, బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 2016లో జాషువా రీస్ ఇలాంటి 18 ప్రయోగాలను కలిపి లెక్కకట్టగా సరైన జవాబులు 52.3 శాతం వచ్చాయి. ముందుగా తర్ఫీదు ఇచ్చినచోట 60 శాతం దాకా పెరిగాయి. అంటే తేడా లేదని కాదు, ఉంది. కొండను తవ్వితే ఎలుక నిజంగానే దొరికింది. (స్పీకర్ల విషయం వేరు. వాటి మధ్య తేడాలు పెద్దవి, ఎవరైనా వినగలిగేవి.)

కానీ గురివింద గింజ సామెత ఇటువైపూ వర్తిస్తుంది. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో క్లోడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ బృందం 21 మంది వయొలిన్ కళాకారులకు వెల్డింగ్ చేసేవారి నల్ల కళ్లద్దాలు పెట్టి, మసక వెలుతురు గదిలో ఆరు వయొలిన్లు ఇచ్చింది. మూడు కొత్తవి. మిగతా మూడింటిలో రెండు స్ట్రాడివారివి, ఒకటి గ్వార్నేరిది, పాతకాలపు ఇటలీ మేటి వయొలిన్ శిల్పుల పేర్లివి, వెలకట్టలేనివి. కళాకారులకు ఎక్కువగా నచ్చింది ఒక కొత్త వయొలిన్. అందరికన్నా తక్కువ ఆదరణ పొందింది ఒక స్ట్రాడివారి. ఏది పాతదో ఏది కొత్తదో చాలామంది చెప్పలేకపోయారు. 2012లో పారిస్ దగ్గర పేరున్న 10 మంది సోలో కళాకారులతో, 12 వాద్యాలతో మళ్లీ చేసినప్పుడూ ఫలితం పెద్దగా మారలేదు. కేబుళ్ల మీద చేసే ఖర్చును వెక్కిరించే సాక్సఫోన్ వాద్యకారుడి అలమరలో ఎన్ని మౌత్‌పీసులు మూలుగుతున్నాయో అతడి ఇంట్లోవాళ్లను అడగాలి. అందరికీ ఎక్కడో ఒకచోట ఈ పిచ్చి ఉంటుంది. ఎవరి జీవితం ఎక్కడ ముడిపడి ఉంటే అక్కడ. సంగీతకారుడికి అది ధ్వని పుట్టేచోట, వేలికొసన, పెదవి దగ్గర ఉంటుంది. శ్రోతకు అది ధ్వని చేరేచోట ఉంటుంది, ఎందుకంటే అతడి చేతిలో ఉన్నది ఆ చివరి మాత్రమే.

ఈ లెక్క తప్పే మనుషులూ ఉన్నారు. హై ఎండ్ ఆంప్లిఫైయర్లకు పర్యాయపదంలా మారిన మార్క్ లెవిన్సన్ మొదట బాస్ వాద్యకారుడు, పియానిస్టు పాల్ బ్లే వెంట జాజ్ కచేరీల్లో వాయించినవాడు. తన పేరుతో కంపెనీ పెట్టింది 1972లో. పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1964లో కచేరీలకు స్వస్తి చెప్పి, 1982లో మరణించేదాకా మైకుల మధ్యే బతికారు. రాక్ గాయకుడు నీల్ యంగ్ అయితే మామూలు డిజిటల్ పాటల నాణ్యత మీద కోపంతో పోనో అనే ప్లేయరుకు పూనుకున్నారు. 2014లో అభిమానుల నుంచి 60 లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి, 2017కల్లా ఆ ప్రయత్నం ముగిసింది. ఈ ముగ్గురిలో గూల్డ్, యంగ్‌లను చూస్తే ఒక పోలిక దొరుకుతుంది. వాళ్లకు రికార్డింగు అంటే కచేరీకి నకలు కాదు, అదే అసలు రచన. ఎలక్ట్రిక్ గిటారు మోతకు, సింథసైజరు పొరలకు స్వరలిపిలో చోటు లేదు. నాదపు రంగే అక్కడ సంగతి. అలాంటి సంగీతం చేసేవారు స్పీకర్ల గురించి గంటలు మాట్లాడతారు. స్వరాలతో, గమకాలతో పని నడిచే సంగీతంలో ఉదాసీనత ఎక్కువ. ఇది కచ్చితమైన సూత్రమేమీ కాదు గాని, మనుషుల్ని బట్టి కాక సంగీతాన్ని బట్టి చూస్తే గీత కొంత తిన్నగా కనిపిస్తుంది.

ఇక సంగీతకారులు దేన్నీ పట్టించుకోరనుకుంటే పొరపాటు. పట్టించుకునేవి వేరే ఉన్నాయి, అక్కడ వాళ్లంత చాదస్తులు ఉండరు. శ్రోతకు బ్లూటూత్ మహా సౌకర్యం. అందులో ధ్వని పదో వంతు సెకను, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆలస్యంగా రావడం అతడికి తెలియదు కూడా. వాయిస్తూ తన ధ్వనిని అందులో వినాల్సి వస్తే సంగీతకారుడు హెడ్‌ఫోన్లు విసిరేస్తాడు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కనుక, సెకనులో పదో వంతు ఆలస్యమంటే తన వాద్యాన్ని 34 మీటర్ల అవతలి నుంచి వినడంతో సమానం. ఆ దూరంలో లయ నిలవదు.

వేగం ఇంకా సున్నితమైన విషయం. రికార్డును తిప్పే టర్న్‌టేబుల్ ఒక్క శాతం వేగంగా తిరిగితే శ్రుతి 17 సెంట్లు పెరుగుతుంది, అంటే పియానోలో పక్కపక్క మెట్ల మధ్య ఉండే ఒక అరస్వరంలో ఆరో వంతు. దాదాపు ఆరు శాతం పెరిగితే పూర్తి అరస్వరమే మారిపోతుంది. రికార్డు నడిమి రంధ్రం కాస్త పక్కకు పడితే ప్రతి చుట్టుకూ స్వరం ఊగుతుంది. పియానో స్వరానికి సహజంగా ఊపు ఉండదు కనుక అది అక్కడ మరీ ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. గరగరలు, మసక ధ్వని, సగం పనిచేసే స్పీకరు అన్నిటినీ క్షమించిన మనిషి ఈ ఊపు దగ్గర లేచి ప్లేయరు ఆపేస్తాడు.

ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ రికార్డు కైండ్ ఆఫ్ బ్లూ 1959లో వచ్చింది. జాజ్‌లో అంతగా అమ్ముడైనవి అరుదు. ధ్వని నాణ్యతకూ పేరుంది. ఆడియో అభిమానులు కొత్త స్పీకర్లను పరీక్షించడానికి తరచుగా ఎంచుకునేవాటిలో అదొకటి. ఆ ఏడాది మార్చి 2న న్యూయార్క్ స్టూడియోలో మొదటి వైపు పాటలు మూడింటిని రికార్డు చేసిన రోజున టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. సరైన వేగంతో తిరిగే యంత్రం మీద ఆ టేపు వేసినప్పుడు మూడు పాటలూ ఉండాల్సినదాని కన్నా కొంచెం వేగంగా, కొంచెం పై శ్రుతిలో వచ్చాయి, అలాగే అచ్చయ్యాయి. వాద్యం చేతపట్టుకుని రికార్డుతో కలిసి వాయించబోయినవారికి శ్రుతి కలవదు, తీగ బిగించుకోవాలి, లేదా ఊరుకోవాలి. అదే రోజు పక్కనే సరిగ్గా తిరిగిన రెండో యంత్రం టేపును వెతికి తీసి దాన్ని సరిచేసింది 1992లో. ఆ ముప్పై మూడేళ్లలో ఆ రికార్డును ఎంత మేలైన టర్న్‌టేబుల్ మీద పెడితే, అది అంత నిక్కచ్చిగా ఆ తప్పు శ్రుతినే వినిపించింది.